రాణిగారి నీళ్ళ తొట్టి దగ్గర సీజర్ దర్శనం

చుట్టాలకి రోమన్ లండన్ చూపిస్తామని స్ట్రాండ్ లేన్‌కి లాక్కెళ్ళే పుణ్యాత్ములందరికీ ముందుగా నమస్కారం. టెంపుల్ స్టేషన్ దగ్గర సందులోకి దూరితే ఒక కిటికీ, పక్కన లైట్ బటన్, లోపల ఇటుకల తొట్టి. బోర్డు మీద ‘రోమన్ బాత్’ అని ఉంటుంది. బోర్డే చెప్పాక మనమెవరం కాదనడానికి?

కట్టింది మాత్రం 1612లో. జేమ్స్ రాజుగారి భార్య ఆన్ రాణిగారి సోమర్‌సెట్ హౌస్ తోటలో ఫౌంటెన్‌కి నీళ్ళందించే తొట్టి అది. రోమన్లు బ్రిటన్ వదిలేసి అప్పటికే 1,200 ఏళ్ళు. 1770ల్లో చన్నీళ్ళ స్నానాలకి తెరిచారు, 1830లకి రోమన్ అని పేరు పడింది, వ్యాపారం కదా పాపం.

ఆ కిటికీ దగ్గర తంతు చూడాలి అసలు. మామగారు బటన్ నొక్కుతారు, అల్లుడు సీజర్ ఇక్కడే ఒళ్ళు రుద్దుకునేవాడని మొదలెడతాడు (సీజర్ పోయాక చాన్నాళ్ళకి గానీ లండన్ పుట్టనేలేదు, అది వేరే విషయం), అత్తగారు “ఇంత ఇరుకులోనా నాయనా” అని జాలిపడతారు, వెనక పిల్లాడు కనపడట్లేదని ఏడుపు, వాణ్ణి ఎత్తుకునేలోపు అందరి ఊపిరికీ అద్దం మసకబారుతుంది, మామగారు కండువాతో తుడిచి మళ్ళీ బటన్, ఈసారి అల్లుడు క్లియోపాత్రాని కూడా తొట్టిలో దింపేస్తాడు, చివరికి ఫోటోలో రోమూ లేదు తొట్టీ లేదు, మామగారి మంకీ క్యాప్ ఒక్కటే.

నిజమైన రోమన్ స్నానశాల లోయర్ థేమ్స్ స్ట్రీట్‌లో ఆఫీస్ బిల్డింగ్ బేస్‌మెంట్‌లో ఉంది. 1848లో కోల్ ఎక్స్‌ఛేంజ్ (బొగ్గు బేరాల భవనం) కట్టడానికి తవ్వుతుంటే బయటపడింది. వేడి గది, గోరువెచ్చటి గది, నేల కింద వేడిగాలి తిరగడానికి ఇటుక దిమ్మెలు, అన్నీ ఉన్నాయి. ఆ కోల్ ఎక్స్‌ఛేంజ్‌ని 1962లో రోడ్డు వెడల్పుకని కూల్చేశారనుకోండి. ఇప్పుడు చూడాలంటే ఏడాదిలో కొన్ని నెలలే, అదీ శనివారాలు, టికెట్ ముందే కొనుక్కుని. తలుపు చూస్తే కరెంటు మీటర్ల గదిలా ఉంటుంది.

ఇదైనా నయం, లండన్‌లోనే ఉన్న హగ్గిన్ హిల్ సంగతి తల్చుకుంటే ఒళ్ళు మండిపోద్ది. మొదటి శతాబ్దం చివర్లో కట్టిన స్నానశాల, ఏ షావుకారి ఇంట్లోదో కాదు, ఊరి జనమంతా స్నానం చేసింది. 1964లో బయటపడింది, 1989లో తవ్వితే ఇంకా బయటపడింది, అప్పుడేం చేశారు? పూడ్చేసి పైన ఆఫీసులు లేపారు! కాపాడాం అంటారు పైగా. ఎవరి కోసమయ్యా కాపాడింది, ఎలుకల కోసమా? నేలలో ఒక్క గాజు పలక పెట్టడానికి, కిందికి నాలుగు మెట్లు కట్టడానికి చేతులు రాలేదు గానీ, పైన అద్దె మాత్రం అంగుళం వదలకుండా లెక్కేసుకునే ఉంటారు.