కొటియా తగువు తెగకుండా చూసుకోవడం ఎలా?

ఆంధ్ర, ఒడిశా రాష్ట్రాల మధ్య సరిహద్దు వేడి చల్లారనివ్వకూడదనుకునేవారు ముందుగా సమకూర్చుకోవలసినవి ఒక గడ్డపార, ఒక డబ్బా పెయింటు. గడ్డపార అవతలి ప్రభుత్వం పాతిన బోర్డు పీకడానికి, పెయింటు మన బోర్డు రాయడానికి. ఒకే ఊరు ఒడియాలో గంజేయిపదర్, తెలుగులో గంజాయిభద్ర. ఆ కొండల్లోని కోదు గిరిజనులు ఇళ్లలో మాట్లాడుకునేది మాత్రం కువి. ఆ భాషలో బోర్డు పాతితే దాన్ని పీకే బాధ్యత ఎవరిదో తేలదు. కాబట్టి ఆ సాహసం చేయకపోవడమే శాంతిభద్రతలకు మంచిది.

తెలియనివారి కోసం: కొటియా గుంపులో తగువు ఉన్న ఊళ్లు 21. మన రికార్డుల్లో అవి పార్వతీపురం మన్యం జిల్లా సాలూరు మండలంలో ఉంటాయి. ఒడిశా రికార్డుల్లో కొరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకులో ఉంటాయి. ఊళ్లు మాత్రం ఎటూ కదలకుండా కొండ మీదే ఉంటాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడేదాకా కొరాపుట్ ప్రాంతమూ విశాఖపట్నం జిల్లాలోదే, కనుక పోట్లాడుకోవడానికి సౌకర్యం ఉండేది కాదు. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చాక ఆ లోటు పూర్తిగా తీరింది.

1968లో ఒడిశా సుప్రీంకోర్టుకు వెళ్లింది. కోర్టు యథాతథ స్థితి కొనసాగించమంది. 2006లో దావా కొట్టేస్తూ కూడా తేలేదాకా ఉన్నది ఉన్నట్టే ఉంచమంది. అంటే తగువు తీరడానికి పట్టిన కాలం 38 ఏళ్లు, తీరింది దావా ఒక్కటే. ఈ ‘యథాతథ స్థితి’ అనే మందు వాడే పద్ధతి జాగ్రత్తగా తెలుసుకోవాలి. మనం రోడ్డు వేస్తే అది అభివృద్ధి, అవతలివాళ్లు వేస్తే కోర్టు ధిక్కారం. మనం అంగన్‌వాడీ తెరిస్తే పసిపిల్లల సంక్షేమం, వాళ్లు తెరిస్తే ఆక్రమణ. 2021 ఫిబ్రవరిలో మనవాళ్లు అక్కడి మూడు పంచాయతీలకు ఎన్నికలు పెడితే ఒడిశా ధిక్కార పిటిషన్ వేసింది. మోతాదులో తేడా లేదు, తాగించే చెయ్యి మారిందంతే.

ఓట్ల దగ్గరికొస్తే విషయం ఇంకా రుచికరం. ఇటు సాలూరు అసెంబ్లీ, అరకు పార్లమెంటు. అటు పొట్టంగి అసెంబ్లీ, కొరాపుట్ పార్లమెంటు. 2019లో రెండు వైపులా పోలింగ్ ఏప్రిల్ 11నే. 2024లో మే 13నే. ఒకే రోజు కావడంతో సిరా చుక్క ఎండేలోపు కొండ దిగి ఇంకో బూత్‌కు చేరాలి. అక్కడ ఎడమచేతి చూపుడువేలు చూసి, ముందే గుర్తుంటే ఓటు ఇవ్వకూడదన్నది నియమం. ఎలాగో రెండూ వేశారే అనుకుందాం. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 62వ సెక్షన్ ప్రకారం ఒకే తరహా నియోజకవర్గాలు రెండింట్లో ఓటేస్తే రెండు ఓట్లూ చెల్లవు. రెండు ప్రభుత్వాలను ఎన్నుకున్నవాడు ఒక్కదాన్నీ ఎన్నుకోనివాడవుతాడు. 2027 జనగణనలో ఈ మనిషిని ఒకడిగా రాయాలా ఇద్దరిగా రాయాలా అన్నదాని మీద ఇప్పటినుంచే ఒక ఉపసంఘం వేసుకోవడం మేలు.

సంఘాల మాట వచ్చింది కనుక చెప్పాలి. 2021 నవంబరు 9న భువనేశ్వర్‌లో అప్పటి ముఖ్యమంత్రులు జగన్మోహన్ రెడ్డి, నవీన్ పట్నాయక్ కలిసి కూర్చున్నారు. వంశధార మీద నేరడి బ్యారేజీ, జంఝావతి ప్రాజెక్టు, కొటియా అన్నీ మాట్లాడి, చీఫ్ సెక్రటరీల కమిటీ వేద్దామనుకున్నారు. మూడు చిక్కుముళ్లు ఒకే మూటలో కట్టడం మంచి మెళకువ: ఏ ఒక్కటి విప్పబోయినా మిగతా రెండూ బిగుసుకుంటాయి. రాష్ట్రాల పునర్విభజన చట్టం 1956లో ముందుచూపుతో ఇంకో ఏర్పాటు చేసింది. ఇరుగుపొరుగు రాష్ట్రాలు మాట్లాడుకోవడానికి జోనల్ కౌన్సిళ్లు పెట్టింది. మనం దక్షిణ కౌన్సిల్, ఒడిశా తూర్పు కౌన్సిల్. పక్కపక్క ఇళ్లవాళ్లను వేర్వేరు పంక్తుల్లో కూర్చోబెట్టి, వడ్డన బాగా జరిగిందా అని అడిగినట్టు.

పార్టీలు వేరు కావడమే అడ్డంకి అని ఒకప్పుడు చెప్పుకునేవారు. 2024 జూన్ 12న ఇక్కడ చంద్రబాబు, ఒడిశాలో మోహన్ మాఝీ ఒకే రోజు ముఖ్యమంత్రులుగా ప్రమాణం చేశారు, ఢిల్లీలో ఇద్దరిదీ ఒకే కూటమి. పాపం, ఆ సాకు కూడా పోయింది. కొత్త సాకు తయారు చేసుకోవడానికి అధికారులకు కొంత వ్యవధి ఇవ్వడం మన ధర్మం.

ఇక గ్రామస్తుల వైపునుంచి లోపాలు. రెండు రేషన్ కార్డులు, రెండు వైపులా పింఛన్ల మాట విని మైదానంవాళ్లు కుళ్లుకుంటారు గానీ, గిరిజన ధ్రువపత్రం దగ్గర కథ అడ్డం తిరుగుతుంది. ఎస్టీ జాబితా రాష్ట్రానికొకటి. అటు బడిలో చదివి, ఇటు కాలేజీలో సీటు కావాలంటే, ‘నువ్వు ఎక్కడివాడివి’ అన్న ప్రశ్నకు పిల్లవాడు ఒకే జవాబు రాయాలి. రెండు ప్రభుత్వాలు ఇన్నేళ్లుగా రాయలేని జవాబు అది.

అయినా తగువు లేని ఊళ్లతో పోల్చి చూడండి. సాలూరు మన్యంలోనే, ఎవరూ మాది అని కొట్లాడని కొండ శిఖర గ్రామాల్లో, నిండు గర్భిణిని ఇప్పటికీ డోలీ కట్టి మోసుకొస్తారు. కొటియాకు మాత్రం మంత్రులు వస్తారు, కలెక్టర్లు వస్తారు, పోటీపడి రోడ్లొస్తాయి. కనుక డోలీ మోసే ఊళ్లన్నీ వెంటనే వివాదాస్పదం కావాలి. ఇందుకు ఖర్చు తక్కువే: తెల్లకాగితాలు రెండు, ఒడియా చక్కగా రాయగలిగిన మనిషి ఒకరు. ‘మా ఊరు మీదేనని మా తాతలు చెప్పేవారు’ అని కొరాపుట్ కలెక్టరు పేర రాయించాలి. అసలు ప్రతి పంపాల్సిన పనిలేదు. నకలు ఒకటి సాలూరు తహసీల్దారు కార్యాలయంలో, బల్ల మీద, అందరికీ కనబడేటట్టు మరిచిపోయి రావాలి.