సోరియాసిస్ రోగికి బీపీ ఎవరు చూడాలి?

సోరియాసిస్ ముదిరినవాళ్లు డాక్టరు దగ్గరికి వెళ్తే మాటలన్నీ చర్మం చుట్టూనే తిరుగుతాయి. పొలుసులు తగ్గాయా, దురద ఎలా ఉంది, తలలోకి కూడా పాకిందా, పూత మందు మానకుండా రాస్తున్నారా. వెళ్లినవాళ్లకు కావలసిందీ అదే, డాక్టరు చూసేదీ అదే. చేతికి బీపీ పట్టీ చుట్టడం మాత్రం చాలాసార్లు జరగదు. ముప్పై ఏళ్ల మనిషి, ఛాతీలో నొప్పి లేదు, ఆయాసం లేదు, వచ్చింది స్కిన్ డాక్టరు దగ్గరికి. బీపీ ఎందుకు అనిపించడం సహజమే. కానీ నా అభిప్రాయంలో ముందుగా బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూడాల్సింది సరిగ్గా ఆ మనిషికే.

సోరియాసిస్‌కూ రక్తనాళాల జబ్బులకూ సంబంధం ఉండవచ్చన్న అనుమానం 1970ల నుంచే ఉంది. వైద్యులు దాన్ని గట్టిగా పట్టించుకునేలా చేసింది మాత్రం 2006లో అమెరికా వైద్య సంఘం పత్రిక ‘జామా’లో వచ్చిన అధ్యయనం. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన జోయెల్ గెల్ఫాండ్ బృందం బ్రిటన్‌లోని ఫ్యామిలీ డాక్టర్ల రికార్డులు తీసుకుని, సోరియాసిస్ ఉన్న సుమారు 1,30,000 మందిని ఆ జబ్బు లేని 5,50,000 మందికి పైగా జనంతో పోల్చింది. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, సిగరెట్లు, బరువు వల్ల వచ్చే తేడాలను లెక్కలోంచి తీసేసి చూసింది. అయినా తీవ్రమైన సోరియాసిస్ ఉన్న 30 ఏళ్లవాళ్లలో గుండెపోటు ముప్పు అదే వయసు ఇతరులతో పోలిస్తే మూడు రెట్లకు కాస్త పైనే తేలింది. తేలికపాటి జబ్బు ఉన్న 30 ఏళ్లవాళ్లలో 29 శాతం ఎక్కువ. తీవ్రమైన జబ్బు ఉన్నా 60 ఏళ్లకు వచ్చేసరికి తేడా 36 శాతానికి తగ్గింది.

ఈ మూడు రెట్లు అన్న మాటను చూసి కంగారు పడకూడదు. ముప్పై ఏళ్లకు గుండెపోటు వచ్చేవాళ్లు చాలా కొద్దిమంది. ఆ కొద్దిని మూడుతో హెచ్చించినా కొద్దిమందే అవుతారు. సోరియాసిస్ ఉన్నవాళ్లందరికీ గుండెపోటు వస్తుందని ఏ అధ్యయనమూ చెప్పలేదు, చెప్పదు కూడా. అయితే రక్తనాళాల్లో కొవ్వు పేరుకోవడం యాభైలో మొదలయ్యే పని కాదు, అంతకు దశాబ్దాల ముందే మొదలవుతుంది. గుండె ముప్పును అంచనా వేయడానికి డాక్టర్లు వాడే లెక్కలేమో వయసుకే పెద్దపీట వేస్తాయి. వయసు తక్కువైతే మిగతావి ఎలా ఉన్నా ‘ముప్పు తక్కువ’ అనే ఫలితం వచ్చేస్తుంది. పైగా చర్మ జబ్బు ఆ లెక్కలోకి రావడం అరుదు. బ్రిటన్‌లో వాడే క్యూరిస్క్3నే తీసుకోండి. అందులో కీళ్లవాతం (రుమటాయిడ్ ఆర్థరైటిస్) ఉంది, రోగనిరోధక శక్తి సొంత ఒంటిమీదే దాడి చేసే లూపస్ ఉంది, సోరియాసిస్ లేదు. అందువల్ల తోటివాళ్లతో పోలిస్తే ముప్పు మూడు రెట్లు ఉన్న చిన్న వయసు రోగే ఈ లెక్కల్లో కనిపించకుండా పోతున్నాడు.

చర్మం మీది జబ్బుకూ గుండెకూ ఏమిటి సంబంధం అని అడగవచ్చు. పెద్దవాళ్ల ఒంటి చర్మం మొత్తం పరిస్తే రెండు చదరపు మీటర్ల దాకా ఉంటుంది. అందులో పదో వంతు నెలల తరబడి, ఏళ్ల తరబడి వాపుతో (ఇన్‌ఫ్లమేషన్) రగులుతుంటే ఆ వాపు అక్కడే ఆగదు. పొయ్యి వంటింట్లోనే ఉన్నా పొగ ఇల్లంతా కమ్మినట్టు, చర్మంలో పుట్టిన రసాయనాలు రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతాయి. సోరియాసిస్‌ను నడిపించే, వాపును రేపే ముఖ్యమైన ప్రొటీన్లను ఇప్పుడు బాగానే గుర్తించారు: ఇంటర్‌ల్యూకిన్-23, ఇంటర్‌ల్యూకిన్-17, టీఎన్ఎఫ్. వీటిలో టీఎన్ఎఫ్ లాంటివి ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనివ్వవు, రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తాయి. ఆ పొర దెబ్బతిన్నచోట కొలెస్ట్రాల్ చేరుతుంది. దాని చుట్టూ చేరే రోగనిరోధక కణాలకూ, సోరియాసిస్ మచ్చలో కనిపించే కణాలకూ చాలా పోలిక ఉంది. జర్మన్ చర్మ వైద్యుడు వోల్ఫ్-హెనింగ్ బ్యోంకె ఈ వరుసకు ‘సోరియాటిక్ మార్చ్’ అని పేరు పెట్టారు. చర్మంలో వాపు, దాంతో ఇన్సులిన్ నిరోధం, ఆపైన రక్తనాళాల పొర దెబ్బతినడం, చివరకు గుండెపోటు లేదా పక్షవాతం.

ఇంత చక్కగా అమరిన వరుసను చూసి అంతా తేలిపోయిందనుకోవడానికి మాత్రం లేదు. సోరియాసిస్ ఉన్నవాళ్లలో అధిక బరువు, షుగర్, బీపీ, సిగరెట్, మద్యం అన్నీ మామూలు జనంలో కంటే ఎక్కువే. గుండెపోట్లు వీటి వల్లేనేమో, చర్మం మధ్యలో సాక్షి మాత్రమేనేమో అనేవాళ్లున్నారు. అది న్యాయమైన ప్రశ్నే. 2019లో జన్యువుల సమాచారంతో చేసిన ఒక విశ్లేషణలో, అధిక బరువు సోరియాసిస్‌కు కారణమవుతుందనడానికి మంచి ఆధారం దొరికింది. సోరియాసిస్ వల్ల బరువు పెరుగుతుందనడానికి అంత బలం దొరకలేదు. బరువు తగ్గితే చర్మం కూడా కొంత మెరుగుపడుతుందని వేరే పరీక్షల్లో కనిపించింది. కాబట్టి ఈ దారి ఒకవైపు నుంచే నడిచేది కాదు.

వీటిలో మనిషి బతుకు కూడా కలిసి ఉంది. అరికాళ్లు పగిలి నెత్తురు కారేవాళ్లను రోజూ గంట నడవమంటే ఎలా నడుస్తారు? నలుగురిలో చొక్కా విప్పలేనివాళ్లు ఈతకు వెళ్లరు. చెమట పడితే మంట పుట్టేవాళ్లు వ్యాయామం మానేస్తారు. దురదతో నిద్ర ఉండదు. టెన్షన్, దిగులు ఈ జబ్బుతో ఎంత తరచుగా వస్తాయో డాక్టర్లందరికీ తెలుసు. దిగులు గుండెకు మంచిది కాదన్నదీ తెలుసు. సోరియాసిస్ ఉన్నవాళ్లలో 30 శాతం దాకా కీళ్ల జబ్బు వస్తుంది. ఎక్కువమందిలో చర్మం తర్వాత కొన్నేళ్లకు వస్తుంది కాబట్టి, పొద్దున్నే కీళ్లు బిగుసుకుపోవడం, మడమ నొప్పి, గోళ్ల మీద గుంటలు కనిపిస్తే చెప్పాలి. కదలలేకపోతే గుండెకూ నష్టమే. ముప్పులో చర్మం వాటా ఎంత, బరువు వాటా ఎంత అన్నది పరిశోధకులకు ముఖ్యమైన ప్రశ్న. ఎదురుగా కూర్చున్న రోగికి మాత్రం జవాబు ఏదైనా చేయవలసిన పని ఒక్కటే. కొలవాలి, ఎక్కువుంటే తగ్గించాలి.

ఇక్కడే ఇంకో మాట స్పష్టంగా చెప్పాలి. సోరియాసిస్‌కు ఇప్పుడు వాడుతున్న బయాలజిక్ ఇంజెక్షన్లు, అంటే వాపును రేపే ఆ ప్రొటీన్లను అడ్డుకునే మందులు, చర్మం మీద చాలా బాగా పనిచేస్తాయి. అవి గుండెనూ కాపాడతాయన్న ప్రచారానికి మాత్రం రుజువు ఇంకా చాలదు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో నెహల్ మెహతా బృందం స్కానింగులతో చూసినప్పుడు, చర్మం తగ్గినవాళ్లలో రక్తనాళాల వాపు తగ్గడం, బయాలజిక్స్ వాడినవాళ్ల గుండె నాళాల్లో మెత్తటి కొవ్వు పేరుకుపోవడం తగ్గడం కనిపించాయి. ఆశ పుట్టించే ఫలితాలే. కానీ రోగులను చీటీ వేసినట్టు రెండు గుంపులుగా విడదీసి, ఒక గుంపుకు మందు, ఇంకో గుంపుకు ఉత్తుత్తి మందు ఇచ్చి పరీక్షించినప్పుడు, అడాలిముమాబ్, సెకుకినుమాబ్ అనే బయాలజిక్స్‌లో దేనితోనూ బృహద్ధమని (గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం) వాపులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

వాపును తగ్గిస్తే గుండెపోట్లు తగ్గుతాయా అన్న పెద్ద ప్రశ్నకూ జవాబు సగమే వచ్చింది. ఒకసారి గుండెపోటు వచ్చిన 10,061 మందిపై చేసిన కాంటోస్ పరీక్ష ఫలితాలు 2017లో వచ్చాయి. కనాకినుమాబ్ అనే ఇంజెక్షన్ మధ్య మోతాదులో ఇచ్చినప్పుడు గుండెపోటు, పక్షవాతం లాంటివి 15 శాతం తగ్గాయి. ప్రాణాంతకమైన ఇన్‌ఫెక్షన్లు మాత్రం పెరిగాయి. మరుసటి ఏడాది వెల్లడైన సర్ట్ పరీక్షలో, సోరియాసిస్‌కు ఎన్నో ఏళ్లుగా వాడే మెథోట్రెక్సేట్ తక్కువ మోతాదులో గుండెకు ఏ మేలూ చేయలేదు. అంటే ఏ వాపును, ఎక్కడ, ఏ మందుతో తగ్గిస్తున్నామన్నది ముఖ్యం. గుండె కోసమని చెప్పి ఖరీదైన ఇంజెక్షన్ రాయడం ఈరోజుకైతే తప్పే. బీపీ మందులకు, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్లకు, సిగరెట్ మానడానికి గట్టి రుజువులున్నాయి. ముందు వాటిని వాడుకోవాలి.

సోరియాసిస్ ఒక్కటే కాదు. చంకల్లో, గజ్జల్లో చీముగడ్డలు మళ్లీ మళ్లీ లేచే హైడ్రాడెనైటిస్ ఉన్నవాళ్లు గుండెజబ్బుతో చనిపోయే ముప్పు మామూలు జనంతో పోలిస్తే దాదాపు రెట్టింపని 2016లో డెన్మార్క్ అధ్యయనం తేల్చింది. ఇంత ముప్పు ఉన్న ఈ రోగులే సిగ్గుతో డాక్టరు దగ్గరికి అందరికంటే ఆలస్యంగా వస్తారు. ఎగ్జిమా సంగతి ఇంత సూటిగా లేదు. 2018లో ‘బీఎంజే’లో వచ్చిన బ్రిటన్ అధ్యయనంలో, తీవ్రమైన ఎగ్జిమా ఉన్నవాళ్లకు గుండె వైఫల్యం ముప్పు 70 శాతం, పక్షవాతం ముప్పు 20 శాతం దాకా ఎక్కువ కనిపించింది. తేలికపాటి ఎగ్జిమా ఉన్నవాళ్లు దీన్ని చదివి భయపడనక్కర్లేదు. లూపస్ మొదటినుంచీ ఒళ్లంతా పాకే జబ్బే కాబట్టి దాని విషయంలో కిడ్నీ, గుండె చూడటం డాక్టర్లకు అలవాటే.

జబ్బులు కాకుండా, చర్మం ముందే చెప్పే గుర్తులు కొన్నున్నాయి. మెడ వెనక చర్మం నల్లబడి మందంగా మారితే చాలామంది మురికి అనుకుని రుద్దుతారు. అది చాలాసార్లు ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి గుర్తు. కనురెప్పల దగ్గర పసుపు మచ్చలు ఉన్నవాళ్లలో కొలెస్ట్రాల్ ఎంత ఉందన్న దానితో సంబంధం లేకుండా గుండెపోటు ముప్పు ఎక్కువని కోపెన్‌హాగన్‌లో 12,700 మందికి పైగా జనాన్ని దశాబ్దాలపాటు గమనించిన అధ్యయనం 2011లో చెప్పింది. ఈ రెంటినీ అందం సమస్యగా చూసి క్రీములతో, లేజర్‌తో సరిపెట్టడం నాకు బాధ కలిగిస్తుంది.

మరి ఎవరు చూడాలి? కాగితం మీద జవాబు ఉంది. 2018లో వచ్చిన అమెరికా కొలెస్ట్రాల్ మార్గదర్శకాలు సోరియాసిస్‌ను గుండె ముప్పు పెంచే జబ్బుల్లో చేర్చాయి. 2019లో అక్కడి చర్మ వైద్యుల అకాడమీ, సోరియాసిస్ ఫౌండేషన్ కలిసి, జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లకు మామూలు ముప్పు లెక్కను ఒకటిన్నరతో హెచ్చించవచ్చని సూచించాయి. ప్రపంచ ఆరోగ్య సభ 2014లోనే సోరియాసిస్ మీద తీర్మానం చేసింది. ఆచరణలో మాత్రం స్కిన్ డాక్టరు ఇది ఫిజీషియన్ పని అనుకుంటారు. ఫిజీషియన్ ఆ మచ్చలు స్కిన్ డాక్టరు చూసుకుంటున్నారులే అనుకుంటారు. కార్డియాలజిస్టు దగ్గరికి రోగి వెళ్లేది గుండెపోటు వచ్చాకే.

ఇది మా పని కాదని చర్మ వైద్యులు అనడం నాకు ఒప్పుకోదగ్గదిగా అనిపించదు. సోరియాసిస్‌కు సైక్లోస్పోరిన్ అనే మందు రాసినప్పుడు బీపీ, కిడ్నీ పరీక్షలు చూసేది వాళ్లే, ఎందుకంటే ఆ మందు రెంటినీ దెబ్బతీయగలదు. అసిట్రెటిన్ అనే ఇంకో మందు రాసినప్పుడు లిపిడ్ (రక్తంలో కొవ్వుల) పరీక్ష చేయించేదీ వాళ్లే. నోటి ద్వారా స్టెరాయిడ్లు ఎక్కువ రోజులు ఇస్తే షుగర్ చూసుకోమని చెబుతారు. మందు వల్ల వచ్చే నష్టం కోసం చేసే ఈ పరీక్షలనే జబ్బు వల్ల వచ్చే నష్టం కోసం చేయించడానికి కొత్త పరికరమేదీ అక్కర్లేదు. అటువైపు గుండె డాక్టర్లకూ చర్మం సంగతి తెలియాలి. బీపీకి, గుండెకు వాడే బీటా బ్లాకర్లు అనే మందులు కొందరిలో సోరియాసిస్‌ను రేపుతాయి. బీపీ మందు మార్చాక ఒళ్లంతా ఎందుకు పేలిందో తెలియక తిప్పలు పడేవాళ్లకు ఆ ఒక్క ముక్క తెలిస్తే ఎంతో మేలు. అయితే ఆ మందును సొంతంగా ఆపేయడం ప్రమాదం. అడిగి మార్పించుకోవాలి.

చేయాల్సింది పెద్దగా లేదు. మొదటి విజిట్‌లోనే బీపీ, బరువు, నడుము కొలత, రక్తంలో షుగర్, లిపిడ్ పరీక్ష, సిగరెట్ తాగుతారా అన్న ప్రశ్న. తీవ్రమైన జబ్బు ఉన్నవాళ్లకు ఏడాదికోసారి మళ్లీ చూస్తే బాగుంటుంది. ఏదైనా ఎక్కువుంటే, ఫిజీషియన్‌కు చూపించండి అని నోటిమాటగా వదిలేయకుండా, రోగికి తీవ్రమైన సోరియాసిస్ ఉంది, గుండె ముప్పు లెక్కలో దాన్ని కలపండి అని ప్రిస్క్రిప్షన్ మీదే ఒక వాక్యం రాసి ఇవ్వాలి. డాక్టరు రాయకపోతే రోగి అడిగి రాయించుకోవచ్చు.