గ్రాస్‌కటర్లు పెంచితే ఏడాదిలో పేదరికం పోతుందా? పోదు

"నాలుగు ఆడవి, ఒక మగది కొనండి. మేత ఉచితం, రోగాలు రావు, మాంసం ఎగబడి కొంటారు. ఏడాది తిరిగేసరికి లక్షాధికారులవుతారు." ఘనా, నైజీరియా, బెనిన్‌లలో గ్రాస్‌కటర్ల పెంపకం మీద వచ్చే వీడియోల్లో తరచూ వినబడే మాట ఇది. గ్రాస్‌కటర్ అంటే గడ్డి దుబ్బుల్లో, చెరకు తోటల్లో బతికే జంతువు. చూడ్డానికి పెద్ద ఎలుకలా ఉన్నా ముళ్లపందికి దగ్గరి చుట్టం. పశ్చిమ ఆఫ్రికాలో దాని మాంసమంటే చెవి కోసుకుంటారు. పెంపకానికి నేను వ్యతిరేకిని కాను. ఈ మాట నమ్మి అప్పు చేసే చిన్న రైతు గురించే నా బాధంతా.

ముందు ఆ "ఏడాది" సంగతి. చూడి కాలం సుమారు 152 రోజులు. ఈతకు సగటున 4 పిల్లలు, ఏడాదికి రెండు ఈతలకు మించవు. నాలుగు ఆడవాటికి 32 పిల్లలని కాగితం మీద తేలుతుంది. కొన్న రోజే చూడి కట్టినా మొదటి పిల్లలు పుట్టేది ఆరో నెలలో. అవి కోతకు ఎదగడానికి ఇంకో 8 నెలలైనా కావాలి. అంటే మొదటి ఏడాదిలో మాంసానికి అమ్ముకునేది ఏమీ ఉండదు. ఆ ఏడాదిలోనే డబ్బు చూడాలంటే చిన్న పిల్లల్ని కొత్తగా పెంపకం మొదలుపెట్టేవాళ్లకు అమ్మాలి. కొత్తవాళ్లు రావడం ఆగితే ఆ రాబడీ ఆగుతుంది.

"మాంసం ఎగబడి కొంటారు" అన్నది నిజమే, ఘనాలో దాని ధర గొడ్డుమాంసం కంటే ఎక్కువ. కానీ అదే బజారుకు వేటగాడూ వస్తాడు. ఎండాకాలంలో గడ్డికి నిప్పుపెట్టి తరిమి పట్టుకున్న జంతువుకు అతను మేత ఖర్చు పెట్టలేదు. నెలల తరబడి మేపినవాడు అతనితో ధరలో ఎలా పోటీపడతాడు?

రోగాలు రావన్నది పచ్చి అబద్ధం. పేగుల జబ్బులతో చస్తాయి, రవాణాలో బెదిరి చస్తాయి. ఎదిగిన మగవి రెండు ఒకే గదిలో ఉంటే చచ్చేదాకా కొట్టుకుంటాయి. చెక్క బోనును పళ్లతో కొరికేస్తాయి కాబట్టి రేకు, ఇనుప వల, సిమెంటు తప్పవు. వాటి ఖర్చు వీడియోల లెక్కలో ఉండదు.

అన్నిటికన్నా మోసపు మాట "మేత ఉచితం". ఇవి నేపియర్, గినీ గడ్డి లావుపాటి కాడల్ని ఇష్టంగా నములుతాయి, ఆకు చాలావరకు వదిలేస్తాయి. కాబట్టి తినేదానికంటే ఎక్కువే కోసుకురావాలి, అదీ రోజూ. వానాకాలంలో ఊరి పక్కనే దొరుకుతుంది. సహారా నుంచి హర్మటాన్ గాలి వీచే నెలల్లో గడ్డి ఎండిపోతుంది, మిగిలింది మంటల్లో పోతుంది. అప్పుడు ఇంటి ఆడవాళ్లు, పిల్లలు దూరం నడిచి మోపులు మోయాలి. ఆ కూలి ఎవరూ కట్టరు గనకే దాన్ని ఉచితం అంటున్నారు.

కర్రపెండలం, మొక్కజొన్న పండించే ఇంట్లో తొక్కలు, చొప్ప ఎలాగూ ఉంటాయి. అలాంటి ఇంటికి ఇది మంచి పక్క ఆదాయం, అది నేనూ ఒప్పుకుంటాను. సొంత భూమి లేని మహిళ పరిస్థితి వేరు. ఘనాలో భూమి చాలావరకు సంప్రదాయ పెద్దల, కుటుంబాల చేతుల్లో ఉంటుంది, ఏళ్ల తరబడి నిలిచే గడ్డి వేసుకుంటానంటే ఆమెకు దొరకడం కష్టం. బోనులు, గ్రాస్‌కటర్ పిల్లలు పంచే పథకాలు ముందు ఆమెకు ఆ గడ్డికి చోటు ఇప్పించాలి.