మినహాయింపు 05 గారి దివ్యసముఖానికి

గౌరవనీయులైన ఆరోగ్య బీమా మినహాయింపు 05 గారికి,

పాలసీలో ‘వీటికి డబ్బులివ్వం’ అనే జాబితాలో ఐదో నంబరు నిబంధన తమరే కదా. వృద్ధాశ్రమం బిల్లులు బీమా కంపెనీ మళ్లీ తమరి పేరు చెప్పి వెనక్కి పంపింది. నొప్పి తగ్గించే మార్ఫిన్, రాత్రి నర్సు, ఎయిర్ బెడ్డు, మూడింటికీ కొట్టివేతే. 2019లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ తమలాంటి ప్రామాణిక మినహాయింపులకు ఒకే భాష ఖాయం చేసింది కదా, కంపెనీ మారినా తమరి దర్శనం తప్పడం లేదు.

కోలుకోని జబ్బుతో చివరి దశలో ఉన్నవారి శారీరక, సామాజిక, మానసిక, ఆధ్యాత్మిక అవసరాలు తీర్చే సేవలకు డబ్బు ఇచ్చేది లేదని ఎంత పొందికగా రాశారండీ! పాలియేటివ్ కేర్ అంటే ఆ సేవలే. ఒక్కటీ మరచిపోకుండా అన్నీ కాదన్నారు.

మీ అన్నగారు ‘ఆసుపత్రి నిర్వచనం’ మరీ ఘనులు. బీమా లెక్కలో ఆసుపత్రి అనిపించుకోవాలంటే ఆసుపత్రిగా రిజిస్టరై ఉండాలి, లేదంటే పది లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్లో 10 పడకలు, మిగతా చోట్ల 15, పైగా ఆపరేషన్ థియేటర్ ఉండాలట. పోయే మనిషికి కోత దేనికో!

అసలు కావలసిందేమిటి? మార్ఫిన్ మాత్ర, చాలామందికి మొదట 5 నుంచి 10 మిల్లీగ్రాములు, నాలుగు గంటలకోసారి. తోడుగా విరేచనం మందు. అది మరిస్తే కడుపు బిగుసుకుపోతుంది, నింద మార్ఫిన్ మీద పడుతుంది. పడుకునేముందు డోసు రెట్టింపు చేస్తే రాత్రి రెండింటి డోసు మానేయొచ్చు. రెండు గంటలకోసారి ఒత్తిగిలి పడుకోబెట్టాలి, లేకపోతే నడుం కింద పుండు. మింగలేనప్పుడు చర్మం కింద సన్న సూది. ఇందుకు మందు రాసే డాక్టరు, రాత్రి మెలకువగా ఉండే నర్సు చాలు.

ఆ నర్సు జీతమే తమరికి బరువు. అందుకే రాత్రి వృద్ధాశ్రమంలో ఆయా, వాచ్‌మన్ మాత్రమే ఉంటారు. గొంతులో గరగర మొదలవగానే ఆయా హడలిపోయి 108కి ఫోన్ చేస్తుంది. ఆపై ఐసీయూ, గొంతులో గొట్టం, వెంటిలేటర్, అద్దం బయట బంధువులు. అప్పుడు తమరికి దానగుణం పుట్టుకొస్తుంది: ఆసుపత్రిలో చేరి 24 గంటలు దాటింది, క్యాష్‌లెస్ ఓకే! నొప్పి తగ్గించడానికి పైసా లేదు గానీ, నొప్పిని నాలుగు రోజులు పొడిగించడానికి లక్షలు.

70 నిండినవారికి 2024లో వచ్చిన ప్రభుత్వ ఆరోగ్య బీమా ‘వయ వందన’ కార్డుదీ మీ దారే, 5 లక్షల బీమా ఉన్నా ఆసుపత్రిలో చేరితేనే. జిల్లాకో ఆశ్రమం, 150 మంది నిరుపేద వృద్ధులకు ‘పెట్టవచ్చు’ అంది 2007 నాటి వయోవృద్ధుల సంక్షేమ చట్టం. ఆ ‘వచ్చు’ మా జిల్లాకి ఇంకా రాలేదు.

స్నానం చేయించడం, బట్టలు మార్చడం వైద్యం కాదంటారా, సరే, వాదించం. నొప్పికి మందు వేయడమూ కాదా? చివరి దశలో ఉన్నవారి సేవలను కాదన్న ఆ ఒక్క వాక్యం కొట్టేయండి. సిగ్గుండాలి. కొట్టేయడం కుదరకపోతే, ప్రీమియం పెంచుతూ రాసే ఉత్తరంలో మమ్మల్ని ‘విలువైన కస్టమర్’ అనడమైనా మానండి.

ఇట్లు,
గడువు తప్పకుండా కడుతున్న పాలసీదారు