శిఖం పిట్టలది

దసరా సాయంత్రం జమ్మి చెట్టుకు మొక్కి, పొలిమేర దాకా నడిచి, పాలపిట్టను చూసి ఇంటికి రావడం తెలంగాణ పల్లెల్లో తరతరాల ఆనవాయితీ. చేతిలో దుర్భిణి లేకపోయినా అది పక్షి వీక్షణమే. మనిషే పిట్ట ఉన్న చోటికి వెళ్లాలన్నది ఆ ఆచారంలోని మర్యాద. పొలిమేరలు మాయమైన హైదరాబాద్ నగరంలో ఆ మర్యాద తిరగబడింది. పాలపిట్టను పట్టి, పంజరంలో పెట్టి, గుడి ముందుకు తెచ్చి డబ్బులకు చూపిస్తున్నారు. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇది నేరం. రాష్ట్ర పక్షికే ఈ గతి పట్టిందంటే అది చూపించేవాడి ఒక్కడి తప్పు కాదు. పిట్టను దాని తావులో చూడగల జాగాలను నగరం చుట్టూ మనం మిగల్చలేదు.

మిగిలిన కొద్ది చోట్లలో అమీన్‌పూర్ పెద్ద చెరువు ఒకటి. మియాపూర్ దాటి పటాన్‌చెరు వైపు వెళ్తే కాలనీల నడుమ సుమారు 93 ఎకరాల నీళ్లు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద 2016 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం దీన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించింది. నగర పరిసరాల్లోని జలాశయానికి ఈ గుర్తింపు దక్కడం దేశంలో అదే మొదటిసారి. చలికాలం తెల్లవారుజామున కట్ట మీద నిలబడి చూడండి. చెంచాలాంటి ముక్కుతో నీటిని జల్లెడ పట్టే బాతులు, రెక్కలారబెట్టుకుంటున్న నీటికాకులు, గాలిలో నిలిచి ఒక్కసారిగా నీళ్లలోకి దూకే లకుముకి పిట్టలు, కొన్నేళ్లు రాజహంసలూ కనిపిస్తాయి. తొమ్మిది దాటితే ట్రాఫిక్ హోరు పెరుగుతుంది, ఎండ ఎక్కుతుంది, పిట్టలు సద్దుమణుగుతాయి. పొద్దున్నే వెళ్లగలిగినవాళ్లు తమ పిల్లలను తప్పక తీసుకువెళ్లాలి.

అయితే అక్కడ ఏం చూడాలో కూడా చెప్పాలి. కట్ట మీదికి వెళ్లినవాళ్ల చూపు నీటి నడుమకు పోతుంది. పిట్టల బతుకు చాలామటుకు అంచున ఉంది. మన చెరువు కొండల మధ్య పుట్టిన సరస్సు కాదు, సేద్యం కోసం పూర్వీకులు కట్టుకున్నది. వానాకాలంలో నిండుతుంది, మత్తడి దూకుతుంది. యాసంగికి తూము తెరిస్తే నీళ్లు ఆయకట్టుకు పోతాయి. నీటిమట్టం రోజురోజుకూ తగ్గుతూ చెరువు లోపలి నేల కొద్దికొద్దిగా బయటపడుతుంది. ఆ నేలనే తెలంగాణలో శిఖం అంటారు. మునిగినంత కాలం అది చెరువు, తేలినంత కాలం పశువుల మేత. ఉత్తర దేశాల చలి నుంచి తప్పించుకుని వలస పక్షులు దక్కనుకు చేరేది సరిగ్గా ఈ నీళ్లు తీసే కాలంలోనే. చీలమండ లోతు నీళ్లు, మెత్తటి బురద, అందులో పురుగులు, నత్తలు, గడ్డి గింజలు. పొట్టి ముక్కు పిట్ట బురద పైపైన ఏరుకుంటుంది. పొడుగు ముక్కు ఉల్లంకి లోపలికి గుచ్చి తీస్తుంది. కాళ్లు పొడుగైన కొంగ ఇంకాస్త లోతుకు దిగుతుంది. జానెడు తేడా గల లోతుల్లో నాలుగైదు జాతులు ఒకదాని తిండికి ఇంకొకటి అడ్డు రాకుండా బతుకుతాయి. రైతు కోసం తూము ఎత్తిన నీరటి వాళ్లు తెలియకుండానే పక్షులకు విస్తరి వేశారు.

ఇప్పుడు ఆ విస్తరినే లాగేస్తున్నాం. కబ్జాలు అందరికీ కనిపిస్తున్నాయి. వాటిపై కోర్టులున్నాయి, ఆక్రమణల తొలగింపు కోసం 2024 జులైలో ఏర్పడిన హైడ్రా సంస్థ కూల్చివేతలున్నాయి. మంచి ఉద్దేశంతో జరిగే నష్టం గురించి ఎవరూ మాట్లాడటం లేదు. దానికి పేరు సుందరీకరణ. చెరువు చుట్టూ రాతి కట్టడం, దాని మీద నడకదారి, వరుసగా దీపాలు, బోట్ల కోసం ఏడాది పొడవునా నిండుగా ఉంచిన నీళ్లు. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. రాతి గోడ మొదలైన చోట బురద అంచు అంతమవుతుంది, నీళ్లు తగ్గని చోట శిఖం తేలదు, రాత్రంతా వెలుగుండే చోట పిట్ట కునుకు తీయదు. పార్కు తయారవుతుంది, పక్షులు రావు. కబ్జాదారుడు చెరువును ఒక మూల నుంచి తింటాడు, ఈ పద్ధతి చుట్టూ తిరిగి తింటుంది. ఈ మాట కటువుగా ఉన్నా చెప్పక తప్పదని మేము భావిస్తున్నాం.

చట్టంలోనూ ఒక పెద్ద సందు ఉంది. కేంద్రం 2017లో తెచ్చిన చిత్తడి నేలల నిబంధనలు తాగునీటి కోసం, సేద్యం కోసం మనుషులు కట్టిన జలాశయాలను చిత్తడి నేల నిర్వచనం నుంచి మినహాయించాయి. దక్కనులో చెరువన్నదే సేద్యం కోసం కట్టినది. అంటే కాకతీయుల నాటి నుంచి మనం తవ్వుకున్న వేల చెరువుల్లో అధిక భాగానికి ఆ నిబంధనల నీడ అందదు. అందుకే అమీన్‌పూర్‌కు దక్కిన వారసత్వ హోదా విలువైనది. స్థానిక సంస్థ పరిధిలో జీవవైవిధ్య కమిటీ ఉండాలని, అక్కడి ప్రాణుల వివరాలతో ప్రజా రిజిస్టరు రాయాలని 2002 చట్టం, దాని కింది నిబంధనలే చెబుతున్నాయి. కమిటీలు కాగితం మీద ఉంటే చాలదు. ఆ రిజిస్టరులో ఏటా చలికాలం లెక్కలు చేరుతూ ఉండాలి.

ఆ లెక్కలు రాయగలిగింది సందర్శకులే. ఇది చిన్న విషయం కాదు. 2023లో వెలువడిన భారత పక్షుల స్థితి నివేదిక సుమారు 30 వేల మంది సాధారణ వీక్షకులు నమోదు చేసిన 3 కోట్ల పరిశీలనలపై ఆధారపడింది. దీర్ఘకాలిక ధోరణి తేల్చగలిగినంత సమాచారం 338 జాతులకు దొరికితే వాటిలో 204 తగ్గుముఖం పట్టాయి. బాగా తగ్గినందున ప్రమాద స్థాయిని మళ్లీ అంచనా వేయాలని నివేదిక సూచించిన జాతుల్లో మన పాలపిట్ట ఉంది, అమీన్‌పూర్ వంటి చెరువులకు వచ్చే ఆ చెంచా ముక్కు బాతు కూడా ఉంది. ఊరూరా ఉంటుంది కదా అనుకున్న పిట్ట తగ్గుతోందని తెలిసింది ఆదివారం నాడు నిద్ర మానుకుని వెళ్లి లెక్కపెట్టినవాళ్ల వల్లనే. హైదరాబాద్‌కు ఈ అలవాటు కొత్త కాదు. 1930ల మొదట్లో పక్షి శాస్త్రవేత్త సలీం అలీ నిజాం రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు. 1980లో మొదలైన ఆంధ్రప్రదేశ్ పక్షి వీక్షకుల సంఘం నేడు డెక్కన్ బర్డర్స్ పేరుతో నడుస్తోంది.

స్థానికుల తెలివిడినీ మరవకూడదు. అంతరించిందనుకున్న కలివికోడి అనే పక్షి 1986లో కడప జిల్లా లంకమల అడవుల్లో మళ్లీ దొరికింది. దాన్ని శాస్త్రవేత్తల ముందుకు తెచ్చింది అక్కడి పిట్టల వేటగాడే. అమీన్‌పూర్‌లో ఏ మూల ఏ నెలలో ఏ పిట్ట దిగుతుందో చెరువులో వల వేసేవారికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మత్స్యకార సంఘాల యువకులకు శిక్షణ ఇచ్చి, వారినే దారి చూపేవారిగా పెట్టి, వచ్చిన రుసుము వారికే ఇవ్వాలి. గుంటూరు పక్కనే ఉన్న ఉప్పలపాడులో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊరి చెరువులోనే గూళ్లు కట్టి పిల్లలను పెంచుతున్నాయి. ఊరు ఒప్పుకోకుండా అది ఒక్క ఏడాది కూడా సాగేది కాదు.

వెళ్లేవారికీ నాలుగు మాటలు. కళ్లకు కొట్టే మెరుపు బట్టలు వద్దు. ఫోన్‌లో పిట్ట కూత వినిపించి రప్పించడం, గూటి దగ్గరికి వెళ్లి ఫొటో తీయడం, గుంపు లేచేలా డ్రోన్ ఎగరేయడం తగని పనులు. బెదిరి ఎగిరిన ప్రతిసారీ పిట్ట తిన్న తిండిలో కొంత ఖర్చయిపోతుంది, తిరుగు ప్రయాణానికి కావలసిన కొవ్వు చేరదు. సంక్రాంతి వలస పక్షుల నడికాలంలో వస్తుంది. గాలిపటాలకు కట్టే నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దేశమంతటా నిషేధించినా అది ఇంకా అమ్ముడవుతోంది. చెరువు పక్క చెట్లకు చిక్కిన ఆ దారం పండగ అయిపోయాక కూడా నెలల తరబడి రెక్కలు కోస్తుంది. కట్టమీద నడిచేవాళ్లు కనిపించిన దారమల్లా చుట్టి తెచ్చేస్తే అదే పెద్ద సాయం.

ప్రభుత్వాన్ని ఈ పత్రిక కోరేది కొత్త పార్కు కాదు. అమీన్‌పూర్‌లో ఇకపై రాతి అంచు కట్టవద్దు. మనుషుల నడక కట్ట వైపే ఉండాలి, అవతలి శిఖం పూర్తిగా పక్షులకు వదలాలి. చూడటానికి ఒకటి రెండు చోట్ల వెదురు తడకల మాటు చాలు. కాలనీల మురుగు చెరువులో కలవకుండా మళ్లించాలి, లేకపోతే గుర్రపు డెక్క నీటిని కప్పేస్తుంది. పూర్తి నీటిమట్టం గీత రికార్డుల్లో ఉండి నేల మీద లేకపోవడమే కబ్జాకు మూలం గనుక వలస పిట్టలు దిగేలోపే ఆ గీత వెంట రాళ్లు పాతాలి. వాటి మీద సర్వే నంబరుతో పాటు ‘శిఖం’ అన్న మాట తెలుగులో, దూరం నుంచి చదవగలిగేంత పెద్దగా చెక్కించాలి.