లక్షల తాబేళ్లు ఒడ్డుకు వచ్చినంత మాత్రాన ముప్పు తప్పినట్టు కాదు

ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఒడిశాలోని రుషికుల్య తీరం నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్ల దృశ్యాలు రాగానే మన ఫోన్లలో ఒక సందేశం మళ్లీ తిరగడం మొదలవుతుంది. 2025లో ఆ ఒక్క తీరంలోనే దాదాపు 7 లక్షల తాబేళ్లు గుడ్లు పెట్టాయన్న వార్త వచ్చాక అది మరింత జోరందుకుంది. దాని సారాంశం ఇది. ఒక్కో తాబేలు వంద గుడ్లు పెడుతుంది కాబట్టి ఏటా ఏడు కోట్ల పిల్లలు పుడుతున్నాయి, ఈ జాతికి ఏ ప్రమాదమూ లేదు. మన ఒడ్డుకు కొట్టుకొచ్చే కళేబరాలు ముసలితనంతోనో, జబ్బుతోనో, ఓడలు తగిలో చనిపోయినవి. రెండు నెలల వేట నిషేధం ఎలాగూ ఉంది. వలకు తాబేళ్లను తప్పించే పరికరం బిగించమనడం అమెరికా కుట్ర. గుడ్లను ఏరి హేచరీల్లో, అంటే కాపలా ఉంచి పొదిగించే చోట్లలో, పెట్టడం ప్రకృతిలో అనవసరపు జోక్యం, పరిశోధకులు చేసేదల్లా పిల్లలతో ఫొటోలు దిగడమే. శ్రీకాకుళం నుంచి కాకినాడ వరకు ఉన్న తీరంలో పన్నెండేళ్లుగా ఈ తాబేళ్ల మీదే పనిచేస్తున్న పరిశోధకురాలిగా ఈ మాటలకు ఒక్కొక్కదానికీ జవాబు చెప్పవలసి ఉందని అనుకుంటున్నాను. వీటిలో కొంత నిజం ఉన్న చోట ఆ సంగతి కూడా చెబుతాను.

ముందుగా ఏడు కోట్ల లెక్క. వేల తాబేళ్లు ఒకే రాత్రి ఒకే తీరానికి చేరి గుడ్లు పెట్టడాన్ని అరిబాడా అంటారు. రాక అనే అర్థం వచ్చే స్పానిష్ మాట అది. ఆ రాత్రుల్లో ప్రతి తాబేలునూ ఎవరూ లెక్కించలేరు. తీరాన్ని అడ్డంగా కొన్ని పట్టీలుగా గుర్తించి, నిర్ణీత వ్యవధుల్లో వాటిలో గుడ్లు పెడుతున్న తాబేళ్లను మాత్రమే లెక్కబెట్టి, దాని నుంచి మొత్తాన్ని అంచనా కడతారు. కాబట్టి ఆ సంఖ్య ఎన్నిసార్లు గుడ్లు పెట్టడం జరిగిందో చెప్పే అంచనాయే తప్ప సముద్రంలోని తాబేళ్ల జనాభా లెక్క కాదు. ఒకే తాబేలు ఒక సీజనులో రెండుసార్లు గుడ్లు పెట్టవచ్చు. పైగా అరిబాడా తీరంలో జాగా చాలదు. మొదటి రాత్రి పెట్టిన గుడ్లను మూడో రాత్రి వచ్చిన తాబేలు తన వెనక కాళ్లతో తవ్వి బయట పడేస్తుంది. రుషికుల్యలో అలాంటి ఒక తెల్లవారుజామున నడిచినప్పుడు ఇసుక మీద పచ్చసొన ఎండి అట్టగట్టి ఉంది, కాలు పెట్టిన ప్రతిచోటా మెత్తటి పెంకులు తగిలాయి, కుక్కలూ కాకులూ గద్దలూ గుంపులుగా చేరాయి. నదీముఖం దారి మార్చుకుంటే ఒక్క పోటుకే ఆ ఇసుక దిబ్బంతా కొట్టుకుపోవచ్చు. మిగిలిన గుడ్లు 45 నుంచి 60 రోజులకు పొదిగి పిల్లలు బయటికి వచ్చాక పీతలు, పక్షులు, చేపలు కాచుకొని ఉంటాయి. వెయ్యి పిల్లల్లో ఒక్కటే పెద్దదవుతుందని తరచూ వినే మాట ఖచ్చితమైన కొలత కాదు, ఒక మోస్తరు అంచనా. అయినా ఏడు కోట్ల గుడ్లకూ ఏడు కోట్ల తాబేళ్లకూ మధ్య ఎంత దూరముందో అది చెబుతుంది.

దీనికంటే పెద్ద పొరపాటు కాలానికి సంబంధించినది. ఆలివ్ రిడ్లే ఆడ తాబేలు గుడ్లు పెట్టే వయసుకు రావడానికి పదేళ్లకు పైగా పడుతుంది. ఈరోజు ఒడ్డున కనిపిస్తున్న గుంపు పది పదిహేనేళ్ల కిందటి పిల్లల ఫలితం. ఈ ఏడాది పిల్లలు తగ్గితే ఆ లోటు తీరంలో కనిపించడానికి మళ్లీ అంతకాలం పడుతుంది. అదే రుషికుల్యలో 2024లో అరిబాడా అసలు జరగనే లేదన్న విషయం ఆ సందేశంలో ఎక్కడా ఉండదు. ఒక ఏడాది రాకపోవడం వినాశనానికి గుర్తు కానట్టే, మరుసటి ఏడాది 7 లక్షలు రావడం క్షేమానికి గుర్తు కాదు.

లక్షల్లో ఉన్నవి తరిగిపోవా అని అడిగేవారికి చరిత్రలోనే సమాధానం ఉంది. ఆలివ్ రిడ్లేకు అతి దగ్గరి జాతి కెంప్స్ రిడ్లే. మెక్సికోలోని రాంచో న్యూవో తీరంలో 1947లో తీసిన ఒక చలనచిత్రాన్ని ఆధారం చేసుకుని, ఒక్క రోజులో దాదాపు 40 వేల తాబేళ్లు గుడ్లు పెట్టాయని శాస్త్రవేత్తలు అంచనా వేశారు. 1985 నాటికి మొత్తం సీజనులో దొరికిన గూళ్లు దాదాపు 700. నలభై ఏళ్లు కూడా గడవలేదు. గుడ్లను దోచుకోవడం, రొయ్యల వలల్లో పెద్ద తాబేళ్లు చనిపోవడం, ఈ రెండూ కలిసి ఆ పని చేశాయి. మెక్సికో పసిఫిక్ తీరంలో ఆలివ్ రిడ్లేల అరిబాడాలు కూడా తోలు కోసం సాగిన వేటతో ఒక్కొక్కటిగా కూలిపోగా, ఎస్కోబియా తీరం పెద్ద సంఖ్యలో నిలబడింది. ఆలివ్ రిడ్లేను అంతర్జాతీయ జాబితాలో ముప్పున్న జాతిగా, మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంచింది అందుకే.

ఇక కళేబరాల సంగతి. ఇది నేను చేతులతో చూసిన విషయం కాబట్టి కొంత వివరంగా చెబుతాను. ఒడ్డున తాబేలు పడి ఉందని కబురు రాగానే మేము ముందు చూసేది దాని డిప్ప. ఓడ పంకా తగిలిన తాబేలు డిప్ప మీద వరుసగా కోతలు ఉంటాయి, లేదా డిప్ప పగిలి ఉంటుంది. జబ్బుపడ్డ తాబేలు మెడ, భుజాల దగ్గర చిక్కి, పొట్ట భాగం లోపలికి పోయి ఉంటుంది. డిప్ప మీద నాచు, గవ్వపురుగులు దట్టంగా పట్టి ఉంటాయి. జనవరి నుంచి మార్చి వరకు మా తీరంలో నేను కోసి చూసిన తాబేళ్లలో ఎక్కువ వాటికి ఇవేవీ లేవు. డిప్ప చెక్కుచెదరలేదు, కొవ్వు నిండుగా ఉంది, కొన్నింటి కడుపులో గుడ్లు తయారుగా ఉన్నాయి. కళ్లు మాత్రం బయటికి పొడుచుకొచ్చి, మెడ ఉబ్బి ఉంది, శ్వాసనాళంలో నురగ ఉంది. ఆరోగ్యంగా ఉన్న జీవి నీటిలో ఊపిరాడక చనిపోయిందనడానికి ఇవి గుర్తులు. 2025 జనవరిలో చెన్నై పరిసర తీరంలో వెయ్యికి పైగా తాబేళ్లు చచ్చి ఒడ్డుకు చేరినప్పుడు పరీక్షించినవారు చెప్పినదీ ఇదే.

నీటిలో బతికే తాబేలు నీటిలో మునిగి చావడమేమిటని చాలామంది అడుగుతారు. తాబేలుకు మొప్పలు లేవు, మనలాగే ఊపిరితిత్తులు ఉన్నాయి. విశ్రాంతిగా ఉంటే చాలాసేపు పైకి రాకుండా ఉండగలదు. సంచిలాంటి ట్రాల్ వలలో చిక్కి గింజుకుంటున్నప్పుడు ప్రాణవాయువు నిమిషాల్లో తరిగిపోతుంది. మరబోటు ఆ వలను రెండు మూడు గంటలు లాగుతూనే ఉంటుంది. విశాఖ రేవులో ఒక సరంగు నాతో, “కదల్లేదు మేడమ్, చచ్చిపోయిందనే నీళ్లలో వేసేశాం” అన్నాడు. అతని మాటలో దాపరికం లేదు. అయితే వల నుంచి తీసిన తాబేలు కదలకపోయినా చాలాసార్లు స్పృహ తప్పి ఉంటుంది. దాన్ని బోర్లా ఉంచి, వెనక భాగాన్ని జానెడు ఎత్తున పెట్టి, తడి గుడ్డ కప్పి నీడలో ఉంచితే కొన్ని గంటల్లో, ఒక్కోసారి మరుసటి రోజుకు, తేరుకునే అవకాశం ఉంది. అదే స్థితిలో నీటిలో వేస్తే అప్పుడు నిజంగానే మునిగి చనిపోతుంది.

రెండు నెలల వేట నిషేధం ఉంది కదా అన్న మాటకు తేదీలే జవాబు. తూర్పు తీరంలో నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. అది చేపల సంతానోత్పత్తి కోసం పెట్టినది. మన తీరంలో తాబేళ్లు జత కట్టి, గుడ్లు పెట్టే కాలం అంతకుముందే చాలావరకు ముగుస్తుంది. ఒడిశాలో రుషికుల్య, దేవి, ధామ్రా నదీముఖాల దగ్గర నవంబరు 1 నుంచి మే 31 వరకు 20 కిలోమీటర్ల మేర వేటను ఆపుతున్నారు. తాబేళ్ల కోసం పెట్టిన నిషేధం అంటే అది.

తాబేళ్లను తప్పించే పరికరం విషయంలో మత్స్యకారుల కోపానికి కొంత కారణం ఉందని ఒప్పుకోవాలి. తాబేలు రక్షణ పేరుతో, ఈ పరికరం లేని వలలతో పట్టిన రొయ్యల దిగుమతిని ఆపేలా 1989లో అమెరికా చేసిన చట్టం మన రొయ్యల మార్కెట్‌ను దెబ్బతీసింది. భారత్, మలేషియా, పాకిస్తాన్, థాయ్‌లాండ్ కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్లాయి. 1998లో వచ్చిన తీర్పు అమెరికా ఆ చట్టాన్ని వివక్షతో అమలు చేసిందని తప్పుబట్టింది, కానీ తాబేళ్లను కాపాడాలన్న లక్ష్యం న్యాయమైనదేనని చెప్పింది. ఆ పరికరం వల మెడలో బిగించే ఇనుప ఊచల చట్రం. రొయ్యలు ఊచల సందుల్లోంచి సంచిలోకి పోతాయి, తాబేలు చట్రానికి తగిలి పైనున్న రంధ్రం గుండా బయటపడుతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు సరిపడేలా సొంత నమూనా రూపొందించింది. దాని పరీక్షల్లో రొయ్యల నష్టం ఒక శాతం లోపే వచ్చింది. చెత్త అడ్డుపడితే నష్టం పెరుగుతుందన్నది నిజమే, ఆ భారమంతా బోటు యజమాని ఒక్కడే మోయాలనడం సరికాదు. ఆ పరికరం ఇచ్చి, బిగించి, వాడకం నేర్పి, పాడైతే మార్చి ఇచ్చే ఏర్పాటు ప్రభుత్వం చేయాలి. కుట్ర అనే మాట ఈ అసలు అడగవలసిన దాన్ని మరుగున పడేస్తోంది.

చివరిది హేచరీల మాట. పట్టపగలు, అతిథుల రాక కోసం పిల్లలను గంటల తరబడి తొట్టెల్లో ఆపి, ఫొటోల కోసం వదలడం జరుగుతూనే ఉంది, అది తప్పే. గూడు నుంచి బయటపడ్డ మొదటి గంటల్లో పిల్లలో ఉండే ఈత ఉధృతి లోతు నీటికి చేరడానికి ఉన్న పెట్టుబడి. తొట్టెలో అది వృథా అవుతుంది. కానీ ఇందులో తప్పు వదిలే తీరుదే, హేచరీది కాదు. అరిబాడా జరగని మన తీరంలో తాబేళ్లు విడివిడిగా గుడ్లు పెడతాయి. కాపలా లేని గూడును కుక్కలో నక్కలో చాలాసార్లు ఆ రాత్రే తవ్వేస్తాయి. గుడ్లు పెట్టిన కొద్ది గంటల్లోపే వాటిని తరలించాలి, ఆ తర్వాత పిండం పెంకు లోపలి పొరకు అతుక్కుంటుంది, అప్పుడు గుడ్డును తిప్పితే పిండం చనిపోతుంది. ఇసుక వేడిమి 29, 30 డిగ్రీల మధ్య ఉంటే ఆడ, మగ పిల్లలు కలిసి పుడతాయి. అది పెరిగేకొద్దీ ఆడ పిల్లలే ఎక్కువవుతాయి. కాబట్టి హేచరీలో ఉష్ణమాపకం చూసి నీడ వేయడం కూడా మా పనిలో భాగం.

ఇక పరిశోధన. 2021లో ఒడిశాలోని గహిర్‌మాథా తీరంలో ఒక ఆడ తాబేలు ముందరి రెక్కకు 03233 అనే లోహపు బిళ్ల తగిలించారు. 2025 జనవరిలో అదే తాబేలు దేశానికి అవతలి వైపున మహారాష్ట్రలోని గుహాగర్‌లో గుడ్లు పెడుతూ కనిపించింది. తూర్పు తీరపు తాబేళ్లు, పడమటి తీరపు తాబేళ్లు వేరువేరు గుంపులని అప్పటిదాకా అనుకుంటూ వచ్చారు. ఒడిశా ఒక్కటే తన తీరాన్ని కాపాడుకుంటే చాలదని, మధ్యలో ఆంధ్ర, తమిళనాడు జలాల్లో ఏం జరుగుతోందో లెక్కగట్టాలని మేము అడుగుతున్నది ఇలాంటి ఆధారాలతోనే.