ఉప్పొక్కటే వేసి వదిలేశారు: ఒక తీవ్ర అభ్యంతరం

మిరియాల కోసం పది నెలలు సముద్రం మీద పడి మన దేశం వచ్చినవాళ్ళు ఈ పోర్చుగీసువాళ్ళు. 1497 జులైలో లిస్బన్‌లో బయల్దేరిన వాస్కో డ గామా 1498 మేలో కాలికట్ దగ్గర దిగాడని హైస్కూల్లో బెత్తం చూపించి మరీ మాచేత బట్టీ పట్టించారు. సరే, దిగాడు, పట్టుకెళ్ళాడు. ఆ తర్వాత కూడా ఓడలకొద్దీ పట్టుకెళ్తూనే ఉన్నారు. అన్ని మిరియాలూ ఏం చేశారయ్యా అని అడిగే హక్కు, వాటిని పండించిన దేశపు పౌరుడిగా నాకుందనే అనుకుంటున్నాను. ఎందుకంటే మొన్న ఆగస్టులో అదే పోర్చుగల్‌లో నా ముందు పెట్టిన చేప మీద ఉప్పు తప్ప ఏమీ లేదు. రాళ్ళుప్పు. అర నిమ్మచెక్క కూడా అడిగితేనే వచ్చింది.

దీన్ని ప్రజాస్వామికవాదులందరూ ముక్తకంఠంతో ఖండించాలి.

సంఘటనా స్థలం అల్గార్వ్, అంటే పోర్చుగల్ దక్షిణ తీరం. తవీరా అనే పట్నం పక్కన సాంత లుజీయా అని చిన్న ఊరు. ఎదురుగా నేరుగా సముద్రం ఉండదు, రియా ఫొర్మోజా అనే ఉప్పుటేరు, దానికి అవతల ఇసుక దీవులు, వాటికి అవతల సముద్రం. హోటల్ పేరు చెప్పను. పరువు నష్టం దావాకి భయపడి కాదు, చెబితే వచ్చే ఏడాది మీరంతా అక్కడే కూర్చుంటారు, నాకు టేబుల్ దొరకదు. నిజనిర్ధారణ కమిటీలో ముగ్గురు సభ్యులు: నేను, మా ఆవిడ, భీమవరం నుంచి వచ్చిన మా బాబాయి. బాబాయి నలభై ఏళ్ళు చేపల చెరువులు చేసిన మనిషి. మొప్ప ఎత్తి చూసి ఆ చేప ఏ పూట పోయిందో చెప్పగలడు.

మొదటి అభ్యంతరం వసతుల గురించి. మన దగ్గర బీచ్ రోడ్డులో రెస్టారెంట్ అంటే దానికో పద్ధతుంది. ఏసీ వేసి, అద్దాలకి నల్ల ఫిల్మ్ అంటించి, కర్టెన్లు దించి, సముద్రం అన్నది ఎక్కడా కంట పడకుండా జాగ్రత్త తీసుకుంటారు. మెనూలో మూడు వందల ఐటమ్స్ ఉంటాయి, గోబీ మంచూరియా దగ్గర మొదలై గోబీ మంచూరియా డ్రై దాకా. చేప ఎక్కడిదండీ అంటే వెయిటర్ ఏమాత్రం తడుముకోకుండా "కిచెన్‌దండీ" అంటాడు. ఇక్కడ? గోడల్లేవు. రేకుల పందిరి, చెక్క బల్లలు, బల్ల మీద తెల్ల కాగితం పరిచి, గాలికి లేవకుండా నాలుగు పక్కలా క్లిప్పులు. లోపల పొగ వస్తుందని కాబోలు, నిప్పుల పొయ్యి ఏకంగా వీధిలోనే పెట్టేశారు. పక్క బల్ల మీద ఓ ముసలాయన బనీనుతో కూర్చుని ఒంటరిగా చేప తింటున్నాడు, ఆయన్ని ఎవరూ ఏమీ అనడం లేదు. వెయిటర్ కూడా మధ్యమధ్యలో వెళ్ళి ఆయన గ్లాసులోంచి ఒక గుక్క తాగి వస్తున్నాడు. క్రమశిక్షణ ఏమైపోయింది?

మెనూ దగ్గర ఇంకో దారుణం జరిగింది. బాబాయి కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివి, ఉన్నట్టుండి వెలిగిపోయాడు.

"ఒరేయ్ అబ్బాయ్, ఇక్కడ దోసె దొరుకుద్దిరా! హాఫ్ దోసె కూడా ఇస్తారంట."

నిజంగానే ప్రతి ఐటమ్ ఎదురుగా రెండు ధరలు, పైన ఇంగ్లీషు అక్షరాల్లో డి, ఓ, ఎస్, ఇ. పోర్చుగీసులో దాన్ని దోజ్ అంటారు, ఒక వడ్డన అని అర్థం. మెయా దోజ్ అంటే సగం వడ్డన. ఆ సగమే ఒక మనిషికి ఎక్కువ, పూర్తిది ఇద్దరు కష్టపడితే అవుతుంది. ఇదంతా విడమరిచి చెప్పేసరికి బాబాయి మొహం చూడలేకపోయాను. విదేశీ గడ్డ మీద దోసె పేరుతో తెలుగువాడి మనోభావాలతో ఆడుకోవడంపై మన ఎంబసీ వెంటనే స్పందించాలి.

ఇంతలో మేమేమీ అడక్కుండానే బల్ల మీదకి రొట్టె వచ్చింది, ఆలివ్ కాయలు వచ్చాయి, వెల్లుల్లి, వెనిగరు, కొత్తిమీర పట్టించిన క్యారెట్ ముక్కలు వచ్చాయి. అల్గార్వ్ వాళ్ళ క్యారెట్ ఊరగాయ అనుకోండి. అబ్బ, ఎంత మర్యాద, అతిథి దేవో భవ అని మా ఆవిడ మెచ్చుకుంటూ రెండు ముక్కలు నోట్లో వేసుకుంది. అప్పుడు చూశాను మెనూలో మొట్టమొదటి లైను: కువేర్, మనిషికి రెండు యూరోలు. అంటే అడక్కుండా పెడతారు, ముట్టుకుంటే బిల్లేస్తారు. ముట్టుకోకపోతే వెయ్యకూడదని అక్కడి చట్టమే చెబుతోంది, వద్దంటే మారుమాట లేకుండా తీసుకెళ్ళిపోతారు కూడా. కానీ ఎదురుగా వేడి రొట్టె పెట్టుకుని ముట్టుకోకుండా కూర్చునే నిగ్రహం ఎవరికుంటుంది, ఆ మాత్రం వైరాగ్యం ఉంటే హోటల్‌కెందుకు వస్తాం? పెళ్ళి పందిట్లో గంధం రాసి పన్నీరు చల్లి, తర్వాత చదివింపుల పుస్తకం చూపించినట్టుంది.

చేపల దగ్గర మాత్రం కొంచెం పద్ధతిగానే ఉన్నారు. వెయిటర్ ఐసు పరిచిన పళ్ళెం మోసుకొచ్చి చూపించాడు. మన పండుగప్పకి దూరపు చుట్టంలా ఉండే రొబాలు, వెండి రంగు దౌరాద, కుప్పగా సర్దీన్యలు, అంటే మన నూనె కవళ్ళ జాతి. పెద్ద చేపలకి కిలో లెక్క, తూకం వేసి చెబుతారు. బాబాయి లేచి నిలబడి, చొక్కా చేతులు మడిచి, ఒక్కొక్క చేప మొప్పా ఎత్తి చూడ్డం మొదలుపెట్టాడు. నాకు టెన్షన్. చుట్టుపక్కల జర్మన్ టూరిస్టులు ఫోర్కులు దించేశారు. రెండు చేపలు పక్కకి నెట్టి మూడోదాని మీద వేలు పెట్టి "ఇది" అన్నాడు బాబాయి. వెయిటర్ ఆయన కళ్ళలోకి ఒక క్షణం చూసి, పళ్ళెం కింద పెట్టి, చేయి తుడుచుకుని షేక్ హ్యాండ్ ఇచ్చాడు. అక్కణ్ణుంచి మేము టూరిస్టులం కాదు.

ఆక్టోపస్ సంగతి వింటే మీ గుండె చెరువవుతుంది. ఈ ఊరు దానికే ప్రసిద్ధి, పోర్చుగల్‌లో దీన్ని ఆక్టోపస్ రాజధాని అంటారు. పట్టే విధానం ఏమిటంటే, అల్కత్రుజ్ అనే కుండల్ని వరసగా తాడుకి కట్టి సముద్రం అడుగున దించుతారు. ఎర కూడా ఉండదు. తల దాచుకోవడానికి ఓ గూడు దొరికితే చాలనుకునే జీవి, ఖాళీ కుండ కనిపించేసరికి సొంతిల్లు అనుకుని దూరుతుంది. అంతే, పైకి లాగేస్తారు. గృహప్రవేశం రోజునే జప్తు. ప్రీలాంచ్ ఆఫర్లో ఫ్లాటు కొన్న హైదరాబాద్ సోదరులకి దీని బాధ వేరే చెప్పక్కర్లేదు. అలా మోసపోయిన ప్రాణిని ఉడికించి, ఆలివ్ నూనెలో వెల్లుల్లితో ముంచెత్తి, పక్కన పిడికిలితో గుద్ది చిదిపిన బంగాళాదుంపలు పెట్టి తెచ్చారు. దుంపల పేరే గుద్దిన దుంపలు. మసాలా లేదు, కారం లేదు. కాళ్ళు వెన్నలా తెగుతున్నాయి. నేను నిరసనగా నాలుగు కాళ్ళు తిన్నాను.

కటప్లానా అని ఇంకోటి. రెండు రాగి చిప్పల్ని మడతబందుతో కలిపి, పక్కల కొక్కేలు పెట్టిన గిన్నె. అందులో రొయ్యలు, ఆల్చిప్పలు, చేప ముక్కలు, టమాటా, ఉల్లిపాయ, క్యాప్సికం, వైన్, కొత్తిమీర వేసి మూత బిగించి ఉడికిస్తారు. బల్ల మీదకి తెచ్చాకే తెరుస్తారు. మా ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న: "విజిల్ ఏదండీ?" లేదు. విజిల్ లేకుండా ఎన్ని నిమిషాలు ఉడికిందో తెలిసేదెలా? ఒక దేశం ప్రపంచమంతా ఓడలు నడిపి కూడా మూడు విజిళ్ళకి దింపెయ్యాలన్న ప్రాథమిక సూత్రం కనుక్కోలేదు. అయితే మూత తెరిచినప్పుడు వచ్చిన ఆవిరిలో కొత్తిమీర వాసన తగలగానే ఆవిడ మాట్లాడ్డం మానేసింది. యూరప్‌లో నెల రోజులుగా కొత్తిమీర మొహం చూడని మనిషి. అల్గార్వ్‌లో దాన్ని మన ఇళ్ళల్లోలాగే చేతికొచ్చినంత వేస్తారు.

ఆల్చిప్పలకి అక్కడ ఒక కవి పేరు పెట్టారు, అది కూడా విచారించాల్సిన విషయమే. బుల్యావ్ పాతు అని 1912లో పోయిన కవి. ఆయన పేరు మీద వెల్లుల్లి, ఆలివ్ నూనె, కొత్తిమీర, నిమ్మరసంతో ఆల్చిప్పలు వండుతారు. ఆయన పద్యాలు ఎంతమందికి నోటికొచ్చో గానీ, ఆ పులుసులో రొట్టె అద్దుకుని తినడం మాత్రం దేశంలో అందరికీ వచ్చు. మన కవులకి శాలువా కప్పి, మెమెంటో ఇచ్చి, ఆటో ఎక్కించి పంపిస్తాం. ఒక్కరి పేరు మీదైనా రొయ్యల వేపుడు ఉందా? సాంస్కృతిక శాఖ ఆలోచించాలి. షరేమ్ అనే పదార్థం కూడా రుచి చూశాం, మొక్కజొన్న పిండితో చేసిన సంకటి, మధ్యలో ఆల్చిప్పలు. ఒకప్పుడు పేదవాళ్ళ తిండట. ఇప్పుడు పన్నెండు యూరోలు. ఈ కథ మన రాగి సంకటికి తెలుసు.

ఇక అసలు ముద్దాయి, సర్దీన్య. చర్మం నిప్పుల మీద బుడగలు లేచి అక్కడక్కడ నల్లగా మాడింది, ఉప్పురాళ్ళు ఇంకా మెరుస్తున్నాయి. కడుపు కూడా శుభ్రం చెయ్యలేదు, అలాగే కాల్చారు. ఎండాకాలం కొవ్వు పట్టిన చేపలు కాబట్టి పట్టుకుంటేనే నూనె కారుతోంది. అక్కడివాళ్ళు చేపని రొట్టె ముక్క మీద పెట్టుకుని తింటారు, ఒక చేప అయ్యాక ఇంకోటి అదే రొట్టె మీద. చివరికి నూనె పీల్చుకున్న ఆ రొట్టెని నిప్పుల మీద కాస్త కాల్చి తినేస్తారు. బాబాయికి ఎవరూ చెప్పలేదు. రెండు వేళ్ళతో తల దగ్గర నొక్కి, తోక దాకా ముల్లు మొత్తం ఒక్క ఊపులో లాగి, అస్థిపంజరం పళ్ళెం అంచున పెట్టాడు. ఆరు అస్థిపంజరాలు వరసగా, అన్నీ తలలు ఒకే వైపు. పుస్తెలమ్మి పులస తినే ప్రాంతం వాడికి ముల్లు ఒక లెక్కా? నేను మాత్రం అపోలో ఫిష్ తరం వాణ్ణి. ముల్లులేని చేపే అసలు చేప అనుకుంటూ పెరిగినవాణ్ణి. ముల్లు గుచ్చుకుని దగ్గుతుంటే పక్క బల్ల ముసలాయన రొట్టె ముక్క విసిరాడు, మింగమని సైగ చేస్తూ. మా నాయనమ్మ అన్నం ముద్ద మింగమనేది.

ఉప్పు ఒక్కటే ఎందుకు, కారం లేదా అని వెయిటర్‌ని నిలదీశాను. చిన్న సీసాలో మిరపకాయలు నానేసిన నూనె తెచ్చి, "జాగ్రత్త, చాలా ఘాటు" అని హెచ్చరించి మరీ పెట్టాడు. పిరిపిరి. బాబాయి సగం సీసా వంచి, వేలితో నాకి, "మందులో వేసుకునే నూనేమోరా" అన్నాడు. అసలు మిరపకాయని అమెరికా నుంచి మోసుకొచ్చి మన దేశంలో దించింది ఈ పోర్చుగీసువాళ్ళే. అంతకుముందు మన పచ్చళ్ళలో ఘాటుకి ఏం వేసేవారో తలుచుకుంటేనే ఏడుపొస్తుంది. మనకి మిరప ఇచ్చి, మన మిరియాలు పట్టుకెళ్ళి, రెండూ వాడకుండా చేప మీద ఉప్పు చల్లుకుని కూర్చున్న జాతిని ఏమనాలి? ఆ ఉప్పు కూడా ఊరి పక్క మడుల్లోదే, వచ్చేటప్పుడు చూశాం, మడుల్లో కొంగల్లా ఫ్లెమింగోలు నిలబడి ఉన్నాయి.

అప్పుడే బాబాయి గుడ్డసంచిలోంచి ఆవకాయ సీసా తీశాడు.

నేను వద్దన్నాను. బయటి తిండి తెచ్చుకుంటే ఊరుకోరు మావయ్యగారూ అని మా ఆవిడ కూడా అంది. బాబాయి వినలేదు. మూత తీసేసరికి వాసన వంటింటి దాకా వెళ్ళినట్టుంది, లోపల్నుంచి ఓ పెద్దావిడ చేతులు ఆప్రాన్‌కి తుడుచుకుంటూ వచ్చి మా బల్ల దగ్గర నిలబడింది. వంటంతా ఆవిడదేనట, వెయిటర్ ఆవిడ కొడుకు. అయిపోయింది, గెంటేస్తారు అనుకున్నాను. బాబాయి మాట్లాడకుండా రొట్టె తుంచి, ఒక సర్దీన్య ముక్క పెట్టి, దాని మీద ఇంత ఆవకాయ ఊట వేసి అందించాడు. ఆవిడ నిలబడే తింది. కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి, తుడుచుకుని ఇంకో ముక్కకి చెయ్యి చాపింది. తర్వాత ఏదో అని, సీసా పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. సీసా తిరిగి రాలేదు.

సాయంత్రం నాలుగున్నరయింది. ఒంటిగంటకి కూర్చున్నాం. ఎవరూ బిల్లు తేలేదు, అడక్కపోతే తేరు. ఖాళీ చెయ్యమని తల మీద నిలబడేవాడు లేడు, మన హోటళ్ళలోలాగా మన ఆఖరి ముద్ద లెక్కపెడుతూ కుర్చీ వెనకాల వేచి ఉండే కుటుంబం కూడా లేదు. చివరికి నేనే గాలిలో సంతకం చేసి చూపించాక వెయిటర్ వచ్చి, మిషన్ బిల్లు తర్వాత ఇస్తానంటూ ముందు బల్ల మీద పరిచిన కాగితం మీదే పెన్నుతో లెక్క రాయడం మొదలుపెట్టాడు. కువేర్ మూడు. సర్దీన్య ఒక దోజ్. ఆక్టోపస్. కటప్లానా. రొబాలు, తూకం. కాఫీలు మూడు.

బాబాయి అంతా చూశాడు. చెయ్యి చాపి పెన్ను తీసుకున్నాడు. కూడిక కింద గీత గీసి, తెలుగులో "ఆవకాయ" అని రాసి, దాని పక్కన మైనస్ గుర్తు పెట్టాడు.

"అడక్కుండా పెట్టాం, వాళ్ళు ముట్టుకున్నారు. వాళ్ళ రూలే కదరా?"

వెయిటర్ ఆ అక్షరాల వంక చూశాడు, వంటింటి వైపు చూశాడు. పెన్ను వెనక్కి తీసుకుని మూడు కాఫీలూ కొట్టేశాడు.